ఇంగ్లీషులోని కవల మాటలు



"ఆరు" అను మాట వినగానే మనకు ముందు స్ఫురించునది ఒక సంఖ్య. కాని తడిబట్ట ఆరుటయు, దీపము ఆరుటయు ఆ మాటతోనే చెప్పుచున్నాము. "నూరు" అనగా వంద. పచ్చడి నూరుమన్నప్పుడు మాత్రము వందతో నిమిత్తము లేదు. "పాలు" ఆవు ఇచ్చునవి. అన్నదమ్ములు పంచుకొనునది కూడ పాలే. అయినను తల్లి "పొయ్యిమీద పాలు చూడు" అని చెప్పినపుడు ఏ పిల్లవాడును ఆస్తి పంపకములను గూర్చి ఆలోచింపడు. పొయ్యి అను మాట ప్రక్కన నిలిచి పాలు ఏ పాలో చెప్పుచున్నది.

ఒకే రూపము గల మాటకు పెక్కు అర్థము లుండుట మనకు క్రొత్త కాదు. అమరకోశములో నానార్థముల కొక ప్రత్యేక వర్గమే కలదు. 16వ శతాబ్దికి చెందిన పింగళి సూరన ఒకే కావ్యములో రామకథయు భారతకథయు కలసి నడచునట్లు "రాఘవపాండవీయము"ను రచించెను. ఈ లక్షణమును మన పూర్వులు దోషముగా గాక అలంకారముగా గ్రహించి, శ్లేష అని దానికి పేరు పెట్టిరి.

ఇట్టి సంప్రదాయము గల మనము ఇంగ్లీషు మాటల దగ్గర మాత్రము ఏల తడబడుచున్నాము? ఉద్యోగము కొరకు వ్రాసిన దరఖాస్తులో "ప్రిన్సిపల్" అను మాట తప్పుగా పడుచున్నది. "లూజ్" అని వ్రాయవలసినచోట "లూస్" వ్రాయుచున్నారు. పట్టభద్రులు సైతము "అఫెక్ట్" వ్రాయవలెనా, "ఎఫెక్ట్" వ్రాయవలెనా అని కలమును ఆపుచున్నారు. ఇట్టి జంటల జాబితాలు పుస్తకములలో వందలకొలది కలవు. వానిని ఇచట చదివి మీ ఓపికను పరీక్షించుట నా ఉద్దేశము కాదు. ఈ తికమకలన్నియు ఒకే జాతివి కావనియు, ఒక్కొక్క జాతికి ఒక్కొక్క కారణమున్నదనియు, కారణము తెలిసినచో మందు కూడ తెలియుననియు మనవి చేయదలచితిని.

మొదటి జాతి, చెవికి ఒకటిగాను కంటికి వేరుగాను ఉండు మాటలు.

తెలుగులో వినినది వినినట్లు వ్రాయుదుము. వ్రాసినది వ్రాసినట్లు చదువుదుము. "సకలము" అనగా సమస్తము, "శకలము" అనగా ముక్క. "ప్రసాదము" దేవాలయములో పెట్టునది, "ప్రాసాదము" రాజులు నివసించునది. "అనలము" నిప్పు, "అనిలము" గాలి. భేదము ఒక్క అక్షరమే అయినను, ఒక్క దీర్ఘమే అయినను, అది నోటిలోను ఉన్నది, వ్రాతలోను ఉన్నది. కన్ను పొరబడినచో చెవి, చెవి పొరబడినచో కన్ను మనలను కాపాడును. ఇంగ్లీషులో ఈ రెండును పెక్కుచోట్ల కలసి రావు. "మీట్" అను ధ్వనిని ఎమ్-ఇ-ఇ-టి అని వ్రాసినచో కలిసికొనుట. ఎమ్-ఇ-ఎ-టి అని వ్రాసినచో మాంసము. "సీ" అను ధ్వనికి చివర రెండు ఇ లున్నచో చూచుట. ఇ తరువాత ఎ ఉన్నచో సముద్రము. ఎన్ తో మొదలగు "నైట్" రాత్రి. దానికి ముందు కె చేరినచో రాత్రి పోయి కవచము తొడిగిన యోధుడు వచ్చును. "రైట్" అను ధ్వని ఒక్కటే కుడిచేతిని, హక్కును, వ్రాతను, కర్మకాండను తెలుపును.

ఇది ఇంగ్లీషువారు బుద్ధిపూర్వకముగా పెట్టిన చిక్కు కాదు. ఈ మాటలలో చాలభాగము ఒకప్పుడు వేరువేరుగా పలుకబడెడివి. యోధుని తెలుపు "నైట్" మొదటనున్న కె ను, నడుమనున్న జి-హెచ్ లను వారి పూర్వులు ఉచ్చరించెడివారు. మాంసమును తెలుపు మాటలోని అచ్చు, కలిసికొనుటను తెలుపు మాటలోని అచ్చు వేరువేరుగా నుండెడివి. సుమారు 15వ శతాబ్దినుండి 18వ శతాబ్దివరకు ఇంగ్లీషు దీర్ఘాచ్చులు క్రమముగా తమ స్థానములను మార్చుకొనినవి. ఆ మార్పు సాగుచుండగనే, 1476లో విలియం కాక్స్టన్ వెస్ట్‌మినిస్టరులో ముద్రణయంత్రమును నెలకొల్పెను. అచ్చుపుస్తకములు వ్యాపించినకొలది వర్ణక్రమము క్రమముగా ఒక రూపమున కుదురుకొన్నది. 1755లో వెలువడిన శామ్యూల్ జాన్సన్ నిఘంటువు దానిని మరింత స్థిరపరచినది. నోరు మాత్రము ముందుకు సాగిపోయినది. అందుచేత నేడు మనము వ్రాయుచున్న ఇంగ్లీషు వర్ణక్రమము పెక్కుచోట్ల ఐదువందల యేండ్లనాటి ఉచ్చారణకు మిగిలిన గుర్తు.

ఒక ఊరిలో ఇద్దరు సుబ్బారావు లున్నచో మనమేమి చేయుదుము? ఇంటిపేరు చేర్చి పిలుతుము. ఇంగ్లీషు కవల మాటలకు వర్ణక్రమమే ఇంటిపేరు. అది పలుకబడదు గాని ఆ మాట ఏ కుటుంబమునకు చెందినదో చెప్పును. ఈ దృష్టితో చూచినచో పలుకని అక్షరములమీద మనకు విసుగు తగ్గును.

అయితే వ్రాతలో ఇంటిపేరు కనబడును, మాటలో కనబడదు. కావుననే చెవి కవలలు అన్నిటికంటె ప్రమాదకరములు. దీనికొక విషాదకరమైన నిదర్శనము చెప్పెదను. "టు" అను చిన్న మాట ఇంగ్లీషులో మూడు విధములుగా వ్రాయబడును. ఒకటి "వరకు, కు" అను అర్థమిచ్చునది. రెండవది రెండు అను సంఖ్య. మూడవది "కూడ, మిక్కిలి" అను అర్థము గలది. 1989 ఫిబ్రవరి 19వ తేదీన ఫ్లయింగ్ టైగర్ అను సంస్థకు చెందిన బోయింగ్ 747 సరకు విమానము సింగపూరునుండి కౌలాలంపూరు సమీపించుచుండెను. నేలనుండి విమానములను నడిపించు అధికారి రేడియోలో "డిసెండ్ టూ ఫోర్ జీరో జీరో" అని ఆదేశించెను. ఆయన భావము రెండువేల నాలుగువందల అడుగుల ఎత్తునకు దిగుమని. విమానములోని వారికి "టు ఫోర్ జీరో జీరో", అనగా నాలుగువందల అడుగులకు దిగుమని వినబడినది. "ఫోర్ జీరో జీరో" అని వారు తిరిగి చెప్పిరి కూడ. ఆ జవాబులోని తప్పును అవతలివారు పట్టుకొనలేదు. విమానము కొండను ఢీకొన్నది. అందులోని నలుగురును మరణించిరి. ఆ ప్రమాదమునకు మరికొన్ని లోపములు కూడ తోడైనవి. అయినను దానికి మొదటి మెట్టు ఒక కవల మాట. "రెండువేల నాలుగువందల అడుగులు" అని పూర్తిగా చెప్పియుండినచో ఈ సందేహమునకు తావే యుండెడిది కాదు.

రేడియోలో ఒంటి అక్షరములకు కూడ ఈ చిక్కు కలదు. బి, డి, పి, టి, ఇవన్నియు గాలిలో ఒకే తీరుగ వినబడును. అందువలననే విమానయానములో అక్షరమునకు బదులొక మాటను చెప్పుదురు. ఎ కు ఆల్ఫా, బి కి బ్రావో, సి కి చార్లీ అని నేడు వాడుచున్న పట్టిక 1956లో అమలులోనికి వచ్చినది. మనము కూడ టెలిఫోనులో పేరు చెప్పునపుడు "బి ఫర్ బాంబే, డి ఫర్ ఢిల్లీ" అనుచుందుము. అక్షరమునకు ఒక తోడు నిచ్చుటయే ఈ ఉపాయము. మాటకు కూడ అదే మందు. కవల మాటను ఒంటరిగా పలుకరాదు, ఒంటరిగా నేర్వరాదు.

తోడు రెండు విధములుగా దొరకును. ఒకటి వాక్యము, రెండవది ఆ మాట పుట్టుక. పుట్టుక తెలిసినచో మరచిపోవుట అరుదు.

"స్టేషనరీ" అను మాటను చూతము. చివర ఇ-ఆర్-వై ఉన్నచో కాగితములు, కలములు, కవర్లు; ఎ-ఆర్-వై ఉన్నచో కదలక నిలిచి యుండునది. వినుటకు రెండును ఒకటే. మధ్యయుగములలో యూరపు విశ్వవిద్యాలయముల చెంత పుస్తకములు అమ్మువారిలో ఒక స్థిరమైన చోట దుకాణము పెట్టుకొనినవారిని స్టేషనర్ అనెడివారు. ఊరూర తిరిగి అమ్ముకొనువారినుండి వేరుపరచుట కీ పేరు వచ్చినది. లండనులోని స్టేషనర్ల సంఘము 1403లో ఏర్పడినది. స్టేషనర్ అమ్ము సరకు స్టేషనరీ. అందుచేత ఈ రెండు మాటలు నిజముగా జ్ఞాతులే. ఒకటి నిలిచియుండుట, రెండవది నిలిచియున్నవాని దుకాణములోని సరకు. పేపర్ అను మాట ఇ-ఆర్ తో ముగియును గదా! కాగితముల స్టేషనరీ కూడ ఆ ఇ-ఆర్ తోనే వ్రాయవలెనని జ్ఞాపక ముంచుకొనవచ్చును.

"ప్రిన్సిపల్" కూడ ఇట్టిదే. పి-ఎ-ఎల్ తో ముగియునది ముఖ్యమైనది, పెద్దది. కళాశాల పెద్ద ఆ ప్రిన్సిపల్. అప్పుపత్రములో వడ్డీ గాక మిగిలిన అసలు సొమ్మును కూడ ఆ మాటతోనే చెప్పుదురు. పి-ఎల్-ఇ తో ముగియునది సూత్రము, నియమము. ఇచట మన తెలుగు మనకు చక్కగా సాయపడుచున్నది. "అసలు సంగతి", "అసలు సొమ్ము", రెండుచోట్లను మనము "అసలు" అనియే అందుము. ఎచట అసలు అనగానీ ముఖ్యము అనగానీ అర్థమున్నదో అచట పి-ఎ-ఎల్. సూత్రము, నియమము అని చెప్పవలసినచోట పి-ఎల్-ఇ.

"ఫ్లవర్" అను పువ్వును, "ఫ్లోర్" అని మనము తప్పుగా పలుకు పిండియు ఇంగ్లీషువారి నోట ఒకే తీరున వినబడును. అవి మొదట ఒకే మాట. ధాన్యమును విసరి జల్లెడపట్టగా వచ్చిన మేలైన భాగమును వారు పిండియొక్క పువ్వు అనిరి. తరువాత వ్రాతలో రెండుగా చీలినవి. "కాంప్లిమెంట్" అను ధ్వనిలో ఎల్ తరువాత ఐ ఉన్నచో మెప్పు; ఇ ఉన్నచో కొరత తీర్చి పూర్తిచేయునది. పూర్తిచేయుటను తెలుపు "కంప్లీట్" అను మాటలో కూడ ఎల్ తరువాత ఇ యే కలదు గనుక గుర్తుంచుకొనుట సులభము. "కౌన్సిల్" సి-ఐ-ఎల్ తో ముగిసినచో సభ. 1958లో ఏర్పడి, 1985లో రద్దయి, 2007లో పునరుద్ధరింపబడిన ఆంధ్రప్రదేశ్ శాసనమండలి అట్టి కౌన్సిల్. ఎస్-ఇ-ఎల్ తో ముగిసినచో సలహా, లేక న్యాయస్థానములో మన పక్షమున వాదించు న్యాయవాది.

ఇక రెండవ జాతి. ఇవి ఇంగ్లీషువారికి కవలలు కావు. మన నోట కవల లగుచున్నవి.

మన వర్ణమాలలో "వ" ఒక్కటే కలదు. వారికి వి, డబ్ల్యు అని రెండు కలవు. వి పలుకునపుడు పై పలువరుస క్రింది పెదవిని తాకవలెను. డబ్ల్యు పలుకునపుడు పెదవులు గుండ్రముగా ముడుచుకొనవలెను, పలువరుసకు పని లేదు. ఈ భేదమును పాటింపనిచో "వైన్" అను సారాయికిని, "వైన్" అను తీగకును తేడా లేకపోవును. "వెస్ట్" అను పడమటి దిక్కు "వెస్ట్" అను లోపలి చొక్కాతో కలసిపోవును. తెలుగులో వ్రాయునపుడు నేనే ఒకే విధముగా వ్రాయవలసి వచ్చినది గమనింపుడు. మన లిపికి ఆ భేదమును చూపు సాధనము లేదు.

అట్లే వారి జెడ్ ధ్వని. "ప్రైస్" అనగా వెల, "ప్రైజ్" అనగా బహుమానము. "లూస్" అనగా వదులు, "లూజ్" అనగా పోగొట్టుకొనుట. ఇచట వర్ణక్రమము కూడ మోసగించును. వదులునకు రెండు ఓ లు, పోగొట్టుకొనుటకు ఒకే ఓ. చొక్కా వదులుగా నున్నచో అందులో చోటు ఎక్కువ గనుక ఓ లు రెండు. పోగొట్టుకొన్నవానికి ఒక ఓ కూడ పోయినది. బడిపిల్లలకు ఈ ఉపాయము నచ్చును.

"అడ్వైస్" సలహా, నామవాచకము, సి తో వ్రాయవలెను. "అడ్వైజ్" సలహా ఇచ్చుట, క్రియ, ఎస్ తో వ్రాయవలెను. ఈ జంటలో భేదము చెవికి తెలియును. కాని "ప్రాక్టిస్" అను మాటలో తెలియదు. అది కూడ నామవాచకమైనపుడు సి, క్రియ యైనపుడు ఎస్. "లైసెన్స్" కూడ అంతే. తెలియుచున్న జంటను ముందు పెట్టుకొని తెలియని జంటలను దాని వెనుక నడపవచ్చును. ఇది మన దేశములో అనుసరించు బ్రిటిష్ పద్ధతి. అమెరికాలో ప్రాక్టిస్ కు రెండుచోట్లను సి, లైసెన్స్ కు రెండుచోట్లను ఎస్ వ్రాయుదురు. కావున అమెరికానుండి వచ్చిన ఉత్తరమును చూచి తప్పని ఎంచరాదు.

మన కొక సౌకర్యము కూడ కలదు. "షిప్" అను ఓడకును "షీప్" అను గొఱ్ఱెకును భేదము మనకు పుట్టుకతో వచ్చినట్లే తెలియును. హ్రస్వదీర్ఘముల శిక్షణ మన భాషలోనే ఉన్నది. "బెట్", "బ్యాట్" అనువాని భేదము కష్టమని కొందరనుకొందురు. నిజమునకు ఆ ధ్వని కూడ మన నోట కలదు. వాడుకభాషలో "వచ్చాడు", "తిన్నాడు" అని పలుకునపుడు ఆ ఆకారము శుద్ధమైన ఆకారము కాక, ఏకారమునకు ఆకారమునకు నడుమ పలుకుట పెక్కు ప్రాంతములలో వినుచున్నాము. "బ్యాట్" లోని అచ్చు దానికి దగ్గరి చుట్టము. నోట ఉన్నదిగాని అక్షరమాలలో లేదు, అంతే.

ఈ రెండవ జాతి తికమకకు మందు పుస్తకములో దొరకదు. నోటికి అభ్యాసము కావలెను. రేడియోలో ఇంగ్లీషు వార్తలు వినుచు, ఒక్కొక్క వాక్యమును మెల్లగా తిరిగి పలుకుట మంచి సాధన.

మూడవ జాతి, ఒకే ఇంట పుట్టి వేరువేరు వృత్తులు పట్టిన మాటలు. ఇవి వినుటకు కొంచెము వేరు, చూచుటకు కొంచెము వేరు. పోలిక మాత్రము మోసగించునంత కలదు.

"అఫెక్ట్", "ఎఫెక్ట్" అనునవి ఇందులో ప్రసిద్ధములు. సామాన్యముగా మొదటిది క్రియ, రెండవది నామవాచకము. వర్షాభావము పంటను అఫెక్ట్ చేయును. పంట తగ్గుట వర్షాభావముయొక్క ఎఫెక్ట్. ప్రభుత్వపు ఉత్తర్వులలో "విత్ ఎఫెక్ట్ ఫ్రమ్" అని తేదీ వేయుటను చూచియుందురు. అచట ఎ తో వ్రాయుట పొరపాటు. అయితే ఎఫెక్ట్ అరుదుగా క్రియగా కూడ వచ్చును. అప్పుడు దాని అర్థము సాధించుట, నెరవేర్చుట. మార్పును అఫెక్ట్ చేయుట వేరు, మార్పును ఎఫెక్ట్ చేయుట వేరు. మొదటిదానిలో మార్పుమీద ప్రభావము; రెండవదానిలో మార్పే సిద్ధించుట.

"ఎకనామిక్" అనగా ఆర్థికమైనది. "ఎకనామికల్" అనగా పొదుపైనది. ఆర్థిక విధానములన్నియు పొదుపైనవి కానక్కరలేదు. "హిస్టారికల్" అనగా చరిత్రకు సంబంధించినది. "హిస్టారిక్" అనగా చరిత్రలో నిలిచిపోవునది. పురావస్తుశాలలోని ప్రతి నాణెమును హిస్టారికల్ వస్తువే. 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ అవతరించుట హిస్టారిక్ ఘట్టము. "అనింట్రెస్టెడ్" అనగా ఆసక్తి లేనివాడు; "డిసింట్రెస్టెడ్" అనగా స్వలాభాపేక్ష లేనివాడు. మన వ్యాజ్యమును విను న్యాయాధిపతి రెండవ విధమువాడు కావలెను. మొదటి విధమువాడైనచో మనకు దుర్దశయే. "ప్రిస్క్రైబ్" చేసిన పుస్తకమును విద్యార్థి చదివి తీరవలెను. "ప్రోస్క్రైబ్" చేసిన పుస్తకము నిషిద్ధము.

ఈ జాతిలో ఆరోగ్యమునకు సంబంధించిన జంట ఒకటి ప్రతి ఇంటివారును తెలిసికొనవలసినది. "హైపర్" అనగా హెచ్చు, "హైపో" అనగా తగ్గు. హైపర్‌టెన్షన్ రక్తపోటు హెచ్చుట, హైపోటెన్షన్ తగ్గుట. హైపర్‌గ్లైసీమియా రక్తములో చక్కెర పెరుగుట, హైపోగ్లైసీమియా పడిపోవుట. మధుమేహము గలవారికి చక్కెర పడిపోయినపుడు వెంటనే తీపి పదార్థము ఇవ్వవలసి యుండును. పెరిగినపుడు తీపి ఇచ్చుట కీడు. టెలిఫోనులో ఒక్క అక్షరము సరిగా వినబడకపోయినచో చికిత్స తలక్రిందులగును. కావున అట్టి సమయమున ఆ పొడవాటి మాటలను విడిచి "ఎక్కువైనది", "తక్కువైనది" అని తెలుగులో చెప్పుటయే క్షేమము.

మందుల పేర్లకు కూడ ఇదే చిక్కు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2007లో రోగుల భద్రతకై తొమ్మిది పరిష్కారములను ప్రకటించినపుడు, చూచుటకో వినుటకో ఒకే తీరుగనున్న మందుల పేర్ల సమస్యను వానిలో మొదట చేర్చినది. మన దేశములో వైద్యులు మందుల పేర్లను స్పష్టముగా, వీలయినంతవరకు క్యాపిటల్ అక్షరములలో వ్రాయవలెనని 2016లో వైద్యమండలి నియమావళిని సవరించిరి. మందుల దుకాణములో సీసా తీసికొనునపుడు చీటిలోని పేరును అక్షరము అక్షరముగా సరిచూచుకొనుట మన వంతు.

ఉపసర్గలు కూడ పొరపాటు కలిగించును. "ఇన్" అని ముందు చేరినంతమాత్రమున లేదు, కాదు అను అర్థము రానక్కరలేదు. పెట్రోలు లారీమీద "ఇన్‌ఫ్లేమబుల్" అని వ్రాసియుండుట చూచి, అంటుకొనదని భావించి చుట్ట ముట్టించువాడు ప్రాణమునకే ముప్పు తెచ్చుకొనును. అది "ఇన్‌ఫ్లేమ్", అనగా రగులుకొను అను క్రియనుండి పుట్టినది. సులభముగ అంటుకొనునది అని అర్థము. ఈ భ్రాంతిని తప్పించుటకే "ఫ్లేమబుల్" అను మాట వాడుకలోనికి వచ్చినది. రెండింటికిని అర్థ మొకటే. "ఇన్‌వాల్యుయబుల్" అనగా విలువ లేనిది కాదు, విలువ కట్టలేనిది. మనకిది వింత కారాదు. "అమూల్యము" అను మాటలో అకారము ముందున్నను దానిని పనికిరానిదని ఎవరనుకొందురు?

కడపటి జాతి అన్నిటికంటె చిత్రమైనది. ఒకే మాట, ఒకే వర్ణక్రమము, అర్థములు ఎదురెదురు.

"శాంక్షన్" అనగా మన కార్యాలయములలో మంజూరు. అప్పు శాంక్షన్ అయినదని సంతోషింతుము. ఇంగ్లీషు వార్తలలో ఒక దేశముమీద శాంక్షన్లు విధించిరని విన్నచో అవి మంజూరులు కావు, ఆంక్షలు. ఇథియోపియామీద దండెత్తిన ఇటలీపై నానాజాతి సమితి 1935లో విధించినవి అట్టివి. మాట మూలములో శాసనముచేత స్థిరపరచుట అని అర్థము. శాసనము అనుమతించును, దండించును. మాట రెండింటిని మోయుచున్నది. "ఓవర్‌సైట్" అనగా పర్యవేక్షణ. కంట బడక జారిపోయిన పొరపాటు కూడ అదియే.

"టేబుల్" అను క్రియ బ్రిటనులో ఒక అర్థమున, అమెరికాలో మరియొక అర్థమున వాడబడును. విషయమును సభముందు టేబుల్ చేయుట బ్రిటిష్‌వారికి వెంటనే చర్చకు తెచ్చుట. అమెరికనులకు చర్చను వాయిదావేయుట. రెండవ ప్రపంచయుద్ధకాలములో ఉభయుల అధికారులు కలిసినపుడు, ఒక పత్రము త్వరగా చర్చకు రావలెనని బ్రిటిష్‌వారు దానిని టేబుల్ చేయుదమనగా, అమెరికనులు వలదని వాదించిరి. ఉభయుల కోరికయు ఒకటే యని తెలియుటకు చాలసేపు పట్టినదని విన్‌స్టన్ చర్చిల్ తన యుద్ధచరిత్రలో చెప్పెను.

ఈ జాతికి మందు ఒకటే. మాటను కాక, మాట ఉన్న స్థలమును చూడవలెను. ఎవరు, ఎవరితో, ఏ సందర్భమున అనుచున్నారు? పొయ్యిమీద పాలకును, పంపకములోని పాలునకును మనము వాడుకొను న్యాయమే ఇది.

నేడు యంత్రములు మన వర్ణక్రమమును సరిదిద్దుచున్నవి గదా, ఈ శ్రమ ఎందుకని కొందరడుగవచ్చును. మాటను పలికినచో తానే వ్రాయు ఫోనులు కూడ వచ్చినవి. అవి నానాటికి మెరుగగుచున్నమాట నిజము. కాని అక్షరములు మాత్రమే సరిచూచు యంత్రమునకు "ప్రిన్సిపల్" రెండు విధములును తప్పులేని మాటలే. వాక్యమును చూచి సవరింపబోవు యంత్రము కూడ ఒక్కొక్కప్పుడు ఒప్పును తప్పుగా దిద్దును. దరఖాస్తు క్రింద సంతకము మనది. అందలి మాటలకు బాధ్యత కూడ మనదే.

కడపట, ఇంటిలో పిల్లలున్నవారి కొక సూచన. కవల మాటలను జంటలుగా వ్రాసి వల్లెవేయించుట సాధారణముగ జరుగుచున్నది. అట్లు నేర్చిన జంట మనస్సులో ఎప్పుడును జంటగానే మెదలును. ఒకటి కావలసినపుడు రెండును వచ్చి నిలుచును. అందుకు మారుగా, ఒక మాటను ఒక వారము, దాని కవలను మరికొన్ని వారములు గడచిన పిమ్మట నేర్పవలెను. ప్రతి మాటకును ఆ పిల్లల జీవితములోనిదే యగు ఒక వాక్యమును వ్రాయింపవలెను. "మా ప్రిన్సిపల్ గారు ఇంగ్లీషు చెప్పుదురు" అను వాక్యము ఇంగ్లీషులో వ్రాసిన పిల్లవాడు ఆ మాటను మరచిపోడు. అటుపిమ్మట, రాత్రి భోజనములైన తరువాత ఇంటిలో ఒకరు ఇంగ్లీషు పత్రికనుండి పది వాక్యములు చదువగా, తక్కినవారు వినుచు వ్రాయవలెను. తరువాత కాగితములు మార్చుకొని దిద్దుకొనవలెను. చెవి పట్టుకొనలేని మాటను చుట్టునున్న వాక్యము ఎట్లు పట్టి ఇచ్చునో ఆ పది వాక్యములలోనే తేటపడును. పెద్దలు కూడ ఇందులో పాల్గొన్నచో పిల్లలకు ఉత్సాహము హెచ్చును. పెద్దల కాగితములలో కూడ ఎఱ్ఱసిరా గుర్తులు కొన్ని పడకపోవు.